గుండీలమ్మ పచ్చ

గుండీలమ్మతో వాదనకు దిగి గెలిచినవాళ్లు ఆ వీధిలో లేరు. గెలిచామనుకుని ఇంటిదారి పట్టినవాళ్లు మాత్రం కొందరున్నారు, పాపం. వాళ్లు దుకాణం మెట్టు దిగి రెండడుగులు వేసేలోపే వెనకనుంచి "ఇదిగో, ఇంకొక్క మాట!" అని గొంతు వినబడుతుంది. ఆ ఒక్క మాట ఏనాడూ ఒక్కటితో ఆగింది లేదు.

ఆమె అసలు పేరు బ్యాంకువాళ్లకు తెలుసు, కరెంటు బిల్లువాళ్లకు తెలుసు. మిగతా లోకానికి ఆమె గుండీలమ్మే. ఇస్త్రీ బండికీ, తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆమె దుకాణంలో దారాలు, గుండీలు, హుక్కులు, జిప్పులు, లేసులు దొరుకుతాయి. ఒక మనిషి లోపల నిలబడితే రెండో మనిషి పక్కకు తిరిగి నిలబడాలి. కాస్త ఒళ్లున్న మనిషైతే గుమ్మంలోంచే బేరం. గుండీలమ్మ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి, అడిగిన గుండీ ఏ పెట్టెలో ఉన్నా తీసేస్తుంది. తీసి, "ఈ చొక్కాకిది నప్పదు" అని దాన్ని మళ్లీ పెట్టెలో పడేసి, తనకు నచ్చింది ఇస్తుంది. జనం తిట్టుకుంటూ తీసుకెళ్తారు. ఇంటికెళ్లి చూసుకుంటే నప్పుతుంది. ఆ ఒళ్లుమంటతోనే మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు.

ఆ దుకాణానికి సొంత భాష ఒకటుంది. అక్కడ 'పచ్చ' అంటే పసుపు రంగు. ఆకుపచ్చను ఉత్త 'ఆకు' అంటారు. గుండీలమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మామగారు "పచ్చ రీలు అందుకో" అంటే తెలియక ఆకుపచ్చది అందించింది. ఆయన దాన్ని వెలుగులోకి పట్టుకుని, "ఇది ఆకమ్మా. పచ్చంటే పచ్చ. ఒక రంగుకి ఒక మాట. రెంటికీ ఒకే మాట వాడితే దర్జీ మన నెత్తిన కూర్చుంటాడు" అన్నారు. ఆనాడు ఆమె ఓడిపోయింది. బతుకులో ఓడిపోయిన వాదన అదొక్కటే కాబట్టి దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. మామగారు పోయారు, భర్త పోయాడు, దర్జీలు సగం మంది కుట్టడం మానేసి రెడీమేడ్ చొక్కాలు తొడుక్కుంటున్నారు. పచ్చ మాత్రం పచ్చగానే ఉంది.

దుకాణం వెనక తెర తీస్తే ఇల్లు. ఇంట్లో ముగ్గురు. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఏవో రెండు అంతస్తుల మధ్య ఉంటాడు. "అమ్మా, వేలాడుతున్నాను, మళ్లీ చేస్తా" అంటాడు. "నీ బతుకంతా వేలాడటమేరా" అని ఆమె పెట్టేస్తుంది. కోడలు మితభాషి. అత్తగారు ఇంటిల్లిపాది తరఫునా మాట్లాడేస్తుంటే ఆ అమ్మాయికి నోరు తెరిచే అవసరం రాలేదని వీధిలో అనుకుంటారు. దర్జీలు ఫోన్లో పంపే ఆర్డర్లకు ఆమే బదులు రాస్తుంది. బొటనవేళ్లు రెండూ చకచకా పరుగెత్తుతాయి. వచ్చిన ఏడాదికల్లా ఆమెకూ పచ్చ అంటే పచ్చే అయిపోయింది.

ఆ కోడలికి మొదటి కడుపు నిలవలేదు. బీపీ పెరిగిందన్నారు, చూసుకునేసరికే ఆలస్యమైందన్నారు. ఆ రోజంతా గుండీలమ్మ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. దుకాణం తెరిచి కూర్చుంది, అడిగింది అడిగినట్టు ఇచ్చేసింది, నప్పుతుందా నప్పదా అనలేదు. తాళాల కొట్టతను హడలిపోయి, "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందుకే రెండోసారి నెల తప్పగానే ఆసుపత్రివాళ్లు ఒక కొత్త పద్ధతి చెబితే ముగ్గురూ ఒప్పుకున్నారు. అక్కడో పరిశోధన నడుస్తోంది. గర్భిణి ఫోన్లో ఒక యాప్ వేస్తారు. ఆమె ఎంత నడుస్తోంది, ఎలా పడుకుంటోంది, వేళ్లు అక్షరాల మీద ఎంత చురుగ్గా కదులుతున్నాయి, ఇవన్నీ ఆ ఫోన్ గమనించుకుంటూ ఉంటుంది. ఇదివరకటికీ ఇప్పటికీ తేడా కనబడితే, ముందు ముందు ముప్పేమైనా ఉందేమో లెక్కగట్టి ఒక రంగు చూపిస్తుంది.

"మీరేం మాట్లాడుకుంటారో అది వినదండీ, ఏం రాసుకుంటారో చదవదు. మీ వివరాలన్నీ మీ ఫోన్లోనే ఉంటాయి, మా దగ్గరికి కూడా రావు. నేనే వారంవారం ఫోన్ చేసి రంగు అడుగుతాను" అంది నర్సు. చిన్న పిల్ల, గలగలా మాట్లాడే మనిషి.

"వినకుండా ఏం కనిపెడుతుందమ్మా?" అంది గుండీలమ్మ. తనకు తెలిసిన ప్రపంచ జ్ఞానమంతా దుకాణంలో రెండు చెవులూ ఒగ్గి సంపాదించిందే మరి.

"మీ కోడలి వేళ్లు చెబుతాయండీ."

"నోటికంటే నయమే. దాని నోరు ఎటూ చెప్పదు."

"రంగుకి అర్థం ఏమిటండీ?" అని కోడలు అడిగింది. ఆ రోజు ఆమె అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది, బంగారంలాంటి ప్రశ్న. నర్సు నవ్వి, "అది మీకు చెప్పకూడదని రూలండీ, ఊరికే కంగారుపడతారట. మీరు రంగు చెప్పండి చాలు, ఏం చెయ్యాలో నేను చెబుతాను" అంది.

వాళ్లకు చెప్పలేదు, నేను మీకు చెబుతున్నాను. ఆకుపచ్చ వస్తే అంతా బాగున్నట్టు. పసుపుపచ్చ వస్తే ఆ రోజే పిలిచి బీపీ చూడాలి. ఎరుపు వస్తే ఉన్నపళంగా పరుగెత్తాలి. కంగారుపడతారని అర్థం దాచిన ఆ మహానుభావుడెవరో గానీ, ఒక్క పూట గుండీలమ్మ దుకాణంలో కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో!

మొదట్లో నర్సు ఫోన్ చేస్తే కోడలే మాట్లాడేది. "ఆకుపచ్చండీ." "మంచిది." అంతే, అయిపోయేది. గుండీలమ్మకు అది బొత్తిగా నచ్చలేదు. "అంత దూరం నుంచి ఫోన్ చేస్తే రెండే మాటలా? మనింట్లో మాటలకు కరువొచ్చిందనుకోదూ?" అంది. కోడలికి ఏడో నెల వచ్చింది, లేచి ఫోన్ అందుకోవడానికి ఆయాసపడుతోంది. అదే సందని ఆ బాధ్యత అత్తగారు తీసుకుంది. దర్జాగా స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, తెర మీది గుండ్రటి బిళ్లను చూసింది. సరిగ్గా ఆ వారమే బిళ్ల రంగు మారింది. నిమ్మపండులా ఉంది.

"ఏ రంగొచ్చిందండీ?"

"పచ్చమ్మా!" అంది గుండీలమ్మ, పరీక్ష పాసైనట్టు.

"చాలా సంతోషం అండీ. అలాగే జాగ్రత్తగా చూసుకోండి."

ఇక చూడండి ఆమె హుషారు. ఆకు వచ్చినప్పుడు ఉత్త 'మంచిది' అనే పిల్ల, పచ్చ వచ్చేసరికి 'చాలా సంతోషం' అంది. అంటే పచ్చ ఆకుకంటే మెరుగన్నమాట! తను ఫోన్ పట్టుకున్న వేళావిశేషం! ఇస్త్రీ బండతనికి చెప్పింది, తాళాల కొట్టతనికి చెప్పింది, జిప్పు కొనడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాడికి కూడా చెప్పింది. కోడలు తెర వెనకనుంచి అంతా వింటూనే ఉంది. అత్తయ్య పచ్చంది, తెర మీదున్నదీ పచ్చే. అందులో తప్పేముంది?

మరుసటి వారమూ అదే రంగు. "పచ్చేనా అండీ?" "ముద్ద పచ్చ!" "శభాష్!"

ఈలోగా కోడలి ఉంగరం బిగిసింది. సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. దర్జీలకు రాసే బదుళ్లలో తప్పులు పడుతున్నాయి. 'తెల్ల హుక్కులు' అని రాయబోయి 'తెల్ల కుక్కలు' అని రాసింది. "ఈ కోటుకి కుక్కల్ని కుట్టమంటారా?" అని ఆ దర్జీ తిరిగి రాశాడు. గుండీలమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అందరికీ చూపించింది. కోడలు కూడా నవ్వి, నుదురు నొక్కుకుంది.

"తల నొప్పిగా ఉందత్తయ్యా. పొద్దున్నుంచీ."

గుండీలమ్మ నవ్వు సగంలో ఆగింది. ఆసుపత్రికి వెళ్దామా అని నోటిదాకా వచ్చింది. కానీ వెంటనే నర్సు శభాష్ అన్నది గుర్తొచ్చింది. అంత చదువుకున్నవాళ్లు పెట్టిన ఫోన్, ఆ పిల్ల అంత మెచ్చుకుంది. ఉత్త తలనొప్పికి పరుగెత్తుకెళ్తే, ఈవిడకు ఊరికే గాభరా అనుకోరూ? "ఉక్కగా ఉంది కదమ్మా, కాసేపు పడుకో" అంది. టీ పెట్టిచ్చింది. పడక పక్కకు ఫ్యాను జరిపింది. మనసులో ఎక్కడో చిన్న ముల్లు కదిలింది గానీ దుకాణంలో ఎవరో పిలిచారు.

వచ్చింది ఒక టీచరమ్మ. వారం కిందట బడి నాటకానికి తెరలు కుట్టాలని మనిషిని పంపి దారం తెప్పించుకుంది. ఇప్పుడు ఆ రీళ్లన్నీ తెచ్చి బల్ల మీద దభీమని పోసింది.

"నేను పంపిన మనిషిని పచ్చ దారం అడగమన్నాను. మీరిచ్చిందేమిటి? నా తెరలన్నీ ఆకుపచ్చవి. ఈ పసుపు దారం పెట్టి కుడితే ఎలా ఉంటుంది?"

గుండీలమ్మ ప్రాణం లేచొచ్చింది. ఇది ఆమె ఆడిన ఆటే, ఎప్పుడూ గెలిచిన ఆటే. చేతులు కట్టుకుని కూర్చుంది.

"పచ్చ అడిగారు, పచ్చ ఇచ్చాను. ఆకు అడిగితే ఆకు ఇచ్చేదాన్ని."

"ఆకేమిటండీ ఆకు! పచ్చంటే ఆకుపచ్చ!"

"మరి కామెర్లొస్తే ఒళ్లు ఏ రంగు అవుతుంది? పచ్చకామెర్లంటారా అనరా? మనిషికేమైనా ఆకులు మొలుస్తాయా?"

"మరి పచ్చగడ్డి మాటేమిటి?"

"పచ్చి గడ్డి కాబట్టి పచ్చగడ్డి. పచ్చిదానికీ పచ్చదానికీ తేడా తెలియకుండా పిల్లలకేం చెబుతున్నారమ్మా?"

తాళాల కొట్టతను చూడటానికి గుమ్మంలోకొచ్చాడు. టీచరమ్మ మొహం ఎర్రబడింది. ఆమె రీళ్లు సంచీలో వేసుకుంటూ, ఇక చేతకాక, "మీ కొట్లో సంగతి మీ కొట్లో చెల్లుతుందండీ. బయట ఎవర్నైనా అడగండి. ఫోన్లో ఒక మనిషికి పచ్చ అని చెప్పి చూడండి. నూటికి తొంభైమంది ఆకుపచ్చే అనుకుంటారు" అంది.

గుండీలమ్మ "ఇదిగో, ఇంకొక్క మాట" అనబోయింది. అంతలోనే తెర వైపు తిరిగింది.

ఫోన్లో ఒక మనిషికి.

"ఎవరైనానా?" అంది నెమ్మదిగా. "నర్సులు కూడానా?"

"నర్సులకేం, వాళ్లు మనుషులు కారూ?"

గుండీలమ్మ అరలోంచి ఆకుపచ్చ రీళ్లు తీసి టీచరమ్మ చేతుల్లో కుక్కి, "తీసుకెళ్లమ్మా, తీసుకెళ్లు, నువ్వన్నదే నిజం" అంటూ తెర లాగి లోపలికి పరుగెత్తింది. గుండీలమ్మ ఒప్పేసుకుందని టీచరమ్మ నమ్మలేక, ఆ రీళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నర్సుకు ఫోన్ కలిసింది.

"అమ్మా, నేను పచ్చ అన్నాను చూడు, అది పచ్చ."

"అవునండీ, పచ్చ. చాలా మంచిది కదా."

"కాదమ్మా! పచ్చ! ఆకు కాదు, పచ్చ!"

"అదేనండీ నేనూ అంటున్నాను. ఆకుపచ్చే కదా?"

"ఆకు కాదంటుంటే!" ఇంత మాటకారికి ఒక్క మాట దొరకలేదు. మామగారు ఒక రంగుకి ఒకే మాట ఇచ్చారు. ఇంకోటి ఇవ్వలేదు. ఆ కంగారులో టీచరమ్మ అన్న 'పసుపు' కూడా తట్టలేదు. "నిమ్మపండు! నిమ్మపండు రంగు తల్లీ! అప్పట్నుంచీ నిమ్మపండు రంగే!"

నర్సు ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

"అమ్మగారూ, మీ కోడలికి తలనొప్పి ఉందా? వేళ్లు వాచాయా? కళ్ల ముందు మెరుపుల్లా వస్తున్నాయంటోందా?"

గుండీలమ్మ మంచం వైపు తిరిగి అదే అడిగింది. కోడలు లేచి కూర్చుని ఉంది. "మెరుపులా, వస్తున్నాయత్తయ్యా" అంది. "ఉక్కపోతకేమో అనుకున్నా."

"బండి ఏది దొరికితే అది ఎక్కి వచ్చేయండి. నేను గేటు దగ్గరుంటాను."

దొరికింది ఇస్త్రీబండతని మేనల్లుడి సరుకుల వ్యాను. దుకాణం తెరిచినది తెరిచినట్టే వదిలేసి వచ్చింది గుండీలమ్మ. పుట్టి బుద్ధెరిగాక అలా వదలడం అదే మొదలు. దారంతా కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నీకొక్క మాట ఎక్కువ మాట్లాడటం రాదు, నాకొక్క మాట తక్కువ మాట్లాడటం రాదు, మనిద్దరం కలిసి ఎంత పని చేశామే" అని తిడుతూ ఏడ్చింది. కోడలు కళ్లు మూసుకునే, "మీరు మాట్లాడుతూ ఉండండత్తయ్యా. ఆపితే భయమేస్తుంది" అంది. ఇక ఆమె ఆపలేదు. ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు. గుండీల రకాలన్నీ వరసగా చెప్పిందని వ్యాను నడిపిన కుర్రాడు తర్వాత అందరికీ చెప్పాడు.

బీపీ చూసిన డాక్టరు ఒక్క క్షణం కూడా ఆగకుండా మంచం మీదికి ఎక్కించమన్నాడు. ఇంజెక్షన్లు ఇచ్చారు, సెలైన్ పెట్టారు, పడకకు అటూ ఇటూ యంత్రాలు తగిలించారు. కొన్నాళ్లు కడుపులోనే ఉంచగలిగితే బిడ్డకు మంచిదన్నారు. తల్లికి ప్రమాదమనిపిస్తే ఆగలేమన్నారు. కొడుకు ఏ అంతస్తులో వేలాడుతున్నాడో అక్కడ్నుంచి దిగి, చేతులకు గ్రీజుతోనే వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. నర్సు వచ్చి గుండీలమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదండీ. ఏ పచ్చ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది."

మామూలుగా అయితే గుండీలమ్మ తప్పును ఎవరికీ వదిలే మనిషి కాదు, ఎవరినుంచీ తీసుకునే మనిషీ కాదు. ఆ రోజు మాత్రం, "నీకూ భాగముందిలే. అర్థం చెప్పొద్దన్న ఆ పెద్దమనిషికీ ఉంది. నాది పెద్ద భాగం. దానికి తలనొప్పని తెలిసీ నీ శభాష్‌ని నమ్ముకున్నాను" అని నర్సు చెయ్యి పట్టుకుంది.

కొన్నాళ్లు ఆగగలిగారు. ఆ తర్వాత ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఒక అరచేతిలో తలా, ఇంకో అరచేతిలో మిగతా అంతా. ఏడ్చింది, అదీ వాళ్ల నాయనమ్మ గొంతుతో ఏడ్చింది. ఆ గొంతు విని వార్డులో మిగతా పిల్లలందరూ ఊరుకున్నారని కొడుకు అంటాడు. కోడలి బీపీ మెల్లగా దిగింది. ఉంగరం మళ్లీ వేలికి ఎక్కింది.

ఆసుపత్రివాళ్లు రంగులు చెప్పించడం మానేశారు. బొమ్మలు పెడదామనుకుని గుండీలమ్మనూ పిలిచి అడిగారు. ఆకు, నిమ్మపండు, మిరపకాయ బొమ్మలు చూపించారు. "మిరపకాయ పచ్చిది కూడా ఉంటుందిగా?" అందావిడ. పోనీ టమాటా పెడతామన్నారు. "అదీ పచ్చిది ఉంటుంది" అంది. డాక్టరు తల పట్టుకుని, "మరేం పెట్టమంటారమ్మా?" అన్నాడు. "బొమ్మ ఏదైనా పెట్టుకోండి నాయనా. దాని కింద అర్థం రాయండి. మేం కంగారుపడేవాళ్లమే గానీ చదవడం రానివాళ్లం కాము." ఆ మాటే పై అధికారుల దాకా వెళ్లిందట. అర్థాలు రాశారు.

తల్లీబిడ్డా ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నర్సు ఫోన్ చేసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, కామెర్లు రావచ్చు, కనిపెట్టి చూస్తుండాలి.

"అమ్మగారూ, పాప ఒళ్లు గానీ కళ్లు గానీ పచ్చబడ్డాయేమో ఒకసారి చూస్తారా?"

గుండీలమ్మ చెవులు నిక్కబొడుచుకుంది.

"ఏ పచ్చ?"

"అదేనండీ... కామెర్ల పచ్చ. పసుపు. అంటే... మీ పచ్చ."

తెర అవతల తాళాల కొట్టతను వింటున్నాడు. ఇస్త్రీ బండతను వింటున్నాడు. ఇన్నేళ్ల వాదన, ఆసుపత్రే తన నోటితో ఒప్పేసుకుంది. ఇంతకు మించిన గెలుపు గుండీలమ్మకు మళ్లీ రాదు. ఇద్దరూ ఎదురుచూశారు.

ఆమె వాళ్లవైపు తిరగనైనా లేదు. అరలోంచి పసుపు రీలొకటి, గులాబీ రీలొకటి తీసింది. మనవరాల్ని ఎత్తుకుని దుకాణం మెట్టు మీదికి, ఎండ పడేచోటికి తీసుకొచ్చింది. రీళ్లు రెండూ ఆ చిన్న చెంప పక్కన పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ఒకటి, చాలాసేపు చూసింది.

"గులాబీ తల్లీ" అంది. "లేత గులాబీ. మా దుకాణంలోనూ గులాబీయే, మీ ఆసుపత్రిలోనూ గులాబీయే."

"హమ్మయ్య. సరేనండీ, ఉంటాను మరి."

"ఇదిగో, ఇంకొక్క మాట!" అంది గుండీలమ్మ. "రేపు కూడా చెయ్యి. చేసి, ఏ గులాబీ అని అడుగు. నేను విసుక్కున్నా సరే, అడుగు."